మాత్రలు మింగుతున్నా పాజిటివే వచ్చింది!

సమస్య

మాది సారపాక. నా వయసు 46. ఇంటి వసారాలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. మా ఆయన లారీ మీద జామాయిల్ కర్ర తోలతాడు. మొన్న చలికాలంలో గర్భసంచి ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షలు చేస్తే నాకు హెపటైటిస్ సి ఉందని తేలింది. ఆపరేషన్ వాయిదా వేసి, హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆసుపత్రికి రాసిచ్చారు. అక్కడ వైరల్ లోడ్ 18 లక్షలు అని వచ్చింది. ఆ అంకె చూసి నా కాళ్లు వణికాయి. డాక్టరు మాత్రం "లివర్ ఇంకా గట్టిపడలేదమ్మా, మూడు నెలలు మాత్రలు వేసుకో, పోతుంది" అన్నాడు. రోజూ సోఫోస్‌బువిర్ ఒకటి, డక్లాటాస్‌విర్ ఒకటి. డబ్బులేమీ తీసుకోలేదు. ఇప్పుడు మూడో నెల నడుస్తోంది.

నాకు మనసు ఆగలేదు. పోయిన వారం ఇంట్లో చెప్పకుండా బ్రిడ్జి దాటి భద్రాచలం వెళ్లి, ఒక ల్యాబులో హెచ్‌సీవీ కార్డు టెస్టు చేయించుకున్నాను. మళ్లీ పాజిటివే! ఇన్నాళ్లూ మింగినవన్నీ వృథాయేనా? మా చెల్లెలికి ఒక్కదానికే చెప్పాను. "అవి ఆపేసి పసరు తాగు, కామెర్లకు పోసే ఆయన మా ఊరి పక్కనే ఉన్నాడు" అంటోంది.

ఇంట్లో సంగతి ఇంకోటి. మా అత్తమ్మ నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ నా కంచం, గ్లాసు విడిగా బోర్లిస్తోంది. మా ఆయన ఒకరోజు రాత్రి "నీకిది ఎక్కడ అంటుకుంది?" అన్నాడు. మళ్లీ అడగలేదు, కానీ ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. 1999లో పాప పుట్టాక రక్తస్రావం ఆగకపోతే నాకు రక్తం ఎక్కించారు. అప్పుడే వచ్చిందేమోనని నా అనుమానం. బాబు 2003లో పుట్టాడు. పాపకి పాల్వంచ సంబంధం కుదిరేలా ఉంది. వాళ్లకి తెలిస్తే? అసలు పాపకీ ఉంటే?

తగ్గుతుందని నమ్మాలంటే భయం. నమ్మకపోతే మాత్ర గొంతు దిగడం లేదు. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, సారపాక

సలహా

చెల్లెమ్మా, ముందు ఒక మాట. మాత్రలు ఆపలేదు కదా? ఆపి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి, మందులిచ్చిన డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేయండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

మీరు భద్రాచలంలో చేయించుకున్న పరీక్ష ఒంట్లో వైరస్ ఉందా అని చూసేది కాదు. వైరస్‌తో పోరాడటానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు ఉన్నాయా అని చూసేది. అవి జబ్బు పోయినా పోవు. అమ్మవారు తగ్గినా మొహం మీద మచ్చలు మిగిలినట్టు ఇవీ మిగులుతాయి, చాలామందికి జీవితాంతం. పూర్తిగా నయమైన మనిషికి రేపు ఆ కార్డు టెస్టు చేసినా పాజిటివే చూపిస్తుంది. ల్యాబువాళ్ల తప్పేమీ లేదు, మీరు అడిగిందే వాళ్లు చేశారు. కాబట్టి ఆ కాగితాన్ని బట్టి మాత్రలు పనిచేశాయనీ అనలేం, చేయలేదనీ అనలేం.

మరి తేల్చేదేమిటి? మొదట మీకు 18 లక్షలు అని చూపించిన పరీక్షే, వైరల్ లోడ్. అదీ కోర్సు అయిపోయిన మర్నాడు కాదు, చివరి మాత్ర వేసుకున్న 12 వారాలకు. అన్నాళ్లెందుకంటే, మందు నడుస్తున్నంత సేపు వైరస్ అణిగి ఉంటుంది. ఏ మూలనైనా కాస్త మిగిలి ఉంటే మందు ఆగాక మళ్లీ పెరుగుతుంది. తిరగబెట్టేదైతే దాదాపు ఎప్పుడూ ఆ 12 వారాల లోపే బయటపడుతుంది. అప్పుడు కూడా రక్తంలో వైరస్ కనిపించకపోతే డాక్టర్లు నయమైందనే రాస్తారు. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. మధ్యలో ఏ ల్యాబు గడపా తొక్కకండి. ఒంట్లో నలత, తలనొప్పి, నీరసం చూసుకుని లెక్కలు వేయకండి. అవన్నీ ఈ మాత్రల వల్ల కూడా వస్తాయి, మిషన్ ముందు వంగి కూర్చున్నా వస్తాయి.

18 లక్షలు అన్న అంకె గురించి కూడా చెప్పాలి. అది పెద్దదైనంత మాత్రాన జబ్బు ముదిరిందని కాదు. లివర్ ఎంత దెబ్బతిన్నదనేది వేరే లెక్క. మీకు గట్టిపడలేదని డాక్టరు చెప్పాడు. మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా మంచి వార్త అదే, మీరేమో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు.

ఇప్పుడు ఆశ సంగతి. ఈ రకం మాత్రలతో ప్రపంచవ్యాప్తంగా నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. మిగిలిన ఆ కొద్దిమందిలో మీరు ఉండరని నేను ప్రమాణం చేయలేను, ఏ డాక్టరూ చేయడు. కానీ వాళ్లకూ దారి మూసుకుపోలేదు. వేరే మందులు కలిపి, అవసరమైతే ఎక్కువ వారాలు ఇచ్చి మళ్లీ చికిత్స చేస్తారు. పదిహేనేళ్ల కిందట మీకిది తేలి ఉంటే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు పొడిచేవాళ్లు. కొందరికి 48 వారాల పాటు. జ్వరాలు, ఒళ్లునొప్పులు, మనసు కుంగిపోవడం, అంతా భరించినా చాలామందికి తగ్గేది కాదు. సోఫోస్‌బువిర్‌కి 2013 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు అక్కడ ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. 12 వారాలకు 84 వేల డాలర్లు! ఆ తర్వాత మన హైదరాబాద్ కంపెనీలు హెటిరో, నాట్కో లైసెన్సు తీసుకుని తయారుచేయడం మొదలుపెట్టాయి. 2018 జూలై 28న కేంద్రం జాతీయ కార్యక్రమం తెచ్చి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం చేసింది. ఊరికే ఇచ్చిన మందు ఏం పనిచేస్తుందిలే అనే అనుమానం మనవాళ్లలో ఉంటుంది, మీ చెల్లెలి మాటలోనూ నాకది వినిపించింది. అందుకే ఇంత ధరల పురాణం చెప్పాను.

పసరు ముట్టుకోవద్దు. నీళ్లు, తిండి పాడైనప్పుడు వచ్చే ఎ, ఇ రకం కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరు పోసినవాడికి దక్కుతుంది. హెపటైటిస్ సి అలా కాదు. ఒకసారి తిష్ట వేస్తే ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండి, కొందరిలో లివర్‌ని పాడుచేస్తుంది. ఏ ఆకు పిండారో, అది మీ మాత్రలతో కలిస్తే ఏమవుతుందో పోసేవాడికీ తెలియదు. కొన్ని రకాల మూలికలు లివర్‌కే చేటు. ఫిట్స్‌కి, గుండెకి, టీబీకి వాడే కొన్ని మందులు కూడా ఈ మాత్రలతో పడవు. కొత్తగా ఏ మందు వేసుకోవాల్సి వచ్చినా ముందు మీ డాక్టరుకి చెప్పండి.

మీ అత్తమ్మ మీద నాకు కోపం రాలేదు. ఇందాక చెప్పిన నీళ్ల కామెర్లలో కంచాలు, చేతుల శుభ్రత చూడాల్సిందే. ఆవిడ చూసినవి అవే అయి ఉంటాయి. మీది రక్తం నుంచి రక్తానికి పాకేది. కంచం, గ్లాసు, దగ్గు, కౌగిలి, ఒకే మంచం వీటితో రాదు. ఇంట్లో మీకు విడిగా ఉండాల్సినవి బ్లేడు, గోళ్ల కత్తెర, టూత్‌బ్రష్. మిషన్ సూది వేలికి గుచ్చుకుంటే బట్ట మీద పడిన రక్తాన్ని బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, వేలికి ప్లాస్టర్ చుట్టండి. తర్వాతిసారి ఆసుపత్రికి అత్తమ్మని వెంట తీసుకెళ్లండి. కంచం మాట డాక్టరు నోట వింటే ఆవిడకి వేరే బలం.

మీ ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు మీరు ఇచ్చుకోవాల్సిన పని లేదు. ఈ వైరస్‌ని గుర్తించిందే 1989లో. మన దేశంలో రక్తదాతల రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. మీకు రక్తం ఎక్కించింది 1999లో. మీ అనుమానం సబబే. కాకపోతే ఆ రోజుల్లో ఒకే గాజు సిరంజిని సరిగ్గా మరిగించకుండా ఊరంతటికీ పొడిచిన సూదులు కూడా ఉన్నాయి. కచ్చితంగా ఇదే అని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. భార్యాభర్తల మధ్య ఇది పాకడం చాలా అరుదు. అయినా ఆయన్నీ ఒకసారి పరీక్ష చేయించుకోమనండి. లారీ దిగి మీతో పాటు క్యూలో నిలబడితే ఆ రాత్రి అడిగిన తీరు ఆయనకే గుర్తొస్తుంది.

పిల్లల సంగతిలో మీరు ముందు ఆలోచించాల్సింది పాప గురించి కాదు. మీకు రక్తం ఎక్కించింది పాప పుట్టాక. ఆ రక్తం వల్లే వచ్చి ఉంటే కడుపులో ఉండగా పాపకు అంటుకునే అవకాశమే లేదు. తల్లిపాలతో కూడా ఇది రాదు. 2003లో పుట్టిన బాబుకి మాత్రం పరీక్ష చేయించండి. తల్లికి ఉన్నప్పుడు పుట్టిన పిల్లల్లో నూటికి ఐదారుగురికి వస్తుంది, అంటే రాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఒకవేళ ఉన్నా మీరు వేసుకుంటున్న రకం మాత్రలే. మీకు ఎప్పుడు వచ్చిందో కచ్చితంగా తెలియదు కాబట్టి, మీ మనసు నిలవకపోతే పాపకీ ఆ రోజే చేయించేయండి. ఖర్చు కొద్దిదే.

ఇక పాల్వంచ వాళ్లకి ఏం చెప్పాలంటారా? ఏమీ చెప్పనక్కర్లేదు. జబ్బు మీది, పెళ్లి పాపది. తర్వాత ఎప్పుడైనా మాట వస్తే, ఒకప్పుడు ఎక్కించిన రక్తం వల్ల వచ్చి ఉంటుంది, మందులు వాడాను అని చెప్పండి. గొంతు తగ్గించి కాదు, మామూలుగా. ముహూర్తం ఆ 12 వారాల లోపే పడినా, మీ రిపోర్టు కోసం వాయిదా వేయకండి.