చదువు మానకమ్మా

చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

చదువు ఆపేసి హైదరాబాద్ వెళ్తానని, హక్కుల కోసం పోరాడేవాళ్లతో కలిసి పనిచేస్తానని రాశావు. వెళ్లొద్దని నేననను. చదువు మానొద్దంటున్నాను.

ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి గారి మాటలు వింటే ధైర్యం వస్తుందన్నావు. నాకు ఆవిడ వేసిన కేసు చూస్తే ధైర్యం వచ్చింది. నిజాం ప్రభుత్వం 1919లో ఒక చట్టం చేసింది. హైదరాబాద్‌లో ఏ హిజ్రా మీద అనుమానం కలిగినా పేరు రిజిస్టరులో ఎక్కించేవారు. ఆ పేరున్న మనిషి ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే చాలు, వారంటు లేకుండా పట్టుకెళ్లొచ్చు. రెండేళ్ల దాకా జైలు. మన ఊళ్లో సారస్వత నికేతనం గ్రంథాలయం పెట్టింది 1918లో. ఇక్కడ నలుగురి కోసం పుస్తకాలు పోగేస్తున్న రోజుల్లోనే అక్కడ మనుషుల్ని దొంగల్లా పుస్తకంలో రాసుకునే ఏర్పాటు జరిగింది. తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

నిజాం పోయినా చట్టం పోలేదు. ట్రాన్స్‌జెండర్లకు తమ గుర్తింపు తామే చెప్పుకునే హక్కుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పినా అది అలాగే ఉంది. 2018లో వైజయంతి గారు ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అయిదేళ్లు పట్టింది. సమానత్వం చెప్పే 14వ అధికరణానికి, బతుకూ స్వేచ్ఛా కాపాడే 21వ అధికరణానికి ఆ చట్టం విరుద్ధమని తేల్చింది. చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కూ ఆసరా పింఛనుకూ ప్రభుత్వాన్ని ఉత్తర్వులివ్వమంది. తీర్పు వచ్చాక కూడా ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు కావాలి. అర్జీ రాసేవాళ్లు, రసీదు అడిగేవాళ్లు, జవాబు రాకపోతే సమాచార హక్కు కింద నిలదీసేవాళ్లు కావాలి. వైజయంతి గారు సమాచార హక్కు కార్యకర్త కూడా. నువ్వూ ఆ పని నేర్చుకో. డిగ్రీ పూర్తిచేసి లా చదువు. సెలవులకొచ్చినప్పుడు సారస్వత నికేతనంలో కూర్చుని పాత పత్రికలు తిరగెయ్యి. మనవాళ్ల గురించి అప్పట్లో ఏం రాశారో, అసలు రాశారో లేదో చూడు.

అమ్మ మాట్లాడటం లేదని బాధపడకు. దానికి నీ మీద కోపం కాదు, ఊరంటే భయం. దానితో నేను మాట్లాడతాను. ఈసారి చీకటి పడ్డాక ముఖం దాచుకుని రావద్దు. నీకు నచ్చిన చీర కట్టుకుని పగలే బజారు మీదుగా మా ఇంటికి రా. స్టేషన్‌కు నేనే వస్తాను.

ఫీజుకు ఆఖరు తేదీ ఎప్పుడో వెంటనే రాయి.

మీ పెద్దమ్మ,
వేటపాలెం