మోడల్ టి ఇంజను ఎవరు బాగుచేస్తారు?

ప్రశ్న: మా తాతగారి ఫోర్డు మోడల్ టి కారు రైసుమిల్లు షెడ్డులో ఏళ్లుగా పడి ఉంది. ఇంజను బిగుసుకుపోయింది. తెనాలి, బాపట్ల మెకానిక్కులు తమ వల్ల కాదన్నారు. ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు, రేపల్లె

జవాబు: ముందు ఇంజను తిప్పే హ్యాండిల్ జోలికి పోకండి. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి. ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లలోనూ కిరోసిన్, ఇంజనాయిల్ కలిపి పోసి కొన్ని వారాలు నాననివ్వండి. ఉప్పుగాలి తగిలే ఊరు మీది, తొందర పనికిరాదు.

అసలు మీరు వెతకాల్సింది కార్ల మెకానిక్కుని కాదు. 1908 నుంచి 1927 దాకా వచ్చిన ఈ కారు ఇంజనులో ఇప్పటిలా షెల్ బేరింగులు ఉండవు. తగరం, యాంటిమొనీ, రాగి కలిసిన వైట్‌మెటల్‌ని కరిగించి పోసి, బోర్ చేసి, చేత్తో గీకి సరిచేయాలి. మిల్లుల్లో పాత ఆయిలింజన్లు చూసిన పెద్ద మేస్త్రీలకు ఇది కొట్టినపిండి. తెనాలి మిల్లుల్లో వాకబు చేయండి. లైన్ బోరింగుకి విజయవాడ ఆటోనగర్‌లో అడగండి. షాఫ్టుకీ బేరింగుకీ మధ్య సందు అంగుళంలో వెయ్యోవంతు, మహా అయితే రెండు. ఆయిల్ పంపు లేని ఇంజను, చిందే నూనే దిక్కు.

పిస్టన్లు, రింగులు, గ్యాస్కెట్లు అమెరికాలో ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. కోటిన్నర కార్లు తయారైన మోడల్ కదా! డబ్బు కట్టే ముందు బ్లాకుకి పగుళ్లున్నాయేమో చూపించండి. ఎడమ పక్క నీళ్లదారి పైన కొట్టిన నంబరు రాసుకోండి, ఏ ఏడాదిదో తేలుతుంది.

స్టార్టు చేసేరోజు స్పార్కు లీవరు పూర్తిగా పైకి పెట్టి, హ్యాండిల్‌ని ఎడమచేత్తో పైకి లాగండి. ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది.