ఆటల పెట్టెకు టీవీ పనులు అవసరమా?



ఎం.కాం. చదువుతున్నప్పుడు మార్కెటింగ్ సెమినార్‌లో మాకొక అంశం వచ్చింది. "వీడియో గేమ్ కన్సోళ్లు టీవీ సౌకర్యాల మీద దృష్టి పెట్టాలా, ఆటల మీదా?" ఈ హాస్టల్ హాల్లో ఉన్న ఒకే ఒక టీవీ ముందు చాప మీద కూర్చుని పెరిగిన మేము కన్సోల్‌ను ముట్టుకుని ఎరుగం. అంశం మార్చమని అడగాలనుకున్నాం. కానీ సిగ్గేసి, వారం రోజులు లైబ్రరీలో కూర్చుని చదివాం. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

కన్సోల్ అంటే ఏమిటి?

టీవీకి కలిపి, చేతిలోని కంట్రోలర్ బటన్లు నొక్కుతూ ఆటలాడే చిన్న కంప్యూటరే కన్సోల్. దీని వ్యాపారంలో ఒక కిటుకుంది. పెట్టె మీద కంపెనీకి మిగిలేది తక్కువ, ఒక్కోసారి నష్టం కూడా. అసలు రాబడి ఆ తర్వాత అమ్ముడుపోయే ఆటల మీద వస్తుంది. కాబట్టి పెట్టె కొని సినిమాలు మాత్రమే చూసేవారి వల్ల కంపెనీకి పెద్దగా లాభం ఉండదు. ఈ విషయం గుర్తుంచుకుంటే మిగతాది సులభం.

టీవీ సౌకర్యం కలిసొచ్చిన సందర్భం

2000 మార్చిలో జపాన్‌లో సోనీ వారి ప్లేస్టేషన్ 2 వచ్చింది. అందులో డీవీడీ సినిమాలూ చూడవచ్చు. అప్పట్లో డీవీడీ ప్లేయర్లు ఖరీదు. ఒక్క కొనుగోలుతో రెండు పనులు జరిగాయి. మంచి ఆటలూ తోడయ్యాయి. మొత్తం 15.5 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. 2001లో వచ్చిన నింటెండో గేమ్‌క్యూబ్‌లో డీవీడీ సినిమాలు ఆడవు. అది సుమారు 2.17 కోట్ల దగ్గర ఆగింది. కారణం ఇదొక్కటే అనలేం గాని, ఇదీ ఒకటి.

బెడిసికొట్టిన సందర్భం

2013 మే 21న అమెరికాలోని రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ వన్‌ను పరిచయం చేసింది. ఆ సభలో టీవీ ప్రసారాల గురించే ఎక్కువసేపు చెప్పారని ఆటలాడేవారు నొచ్చుకున్నారు. కైనెక్ట్ కెమెరాతో కలిపి ధర 499 డాలర్లు. పోటీగా వచ్చిన ప్లేస్టేషన్ 4 ధర 399 డాలర్లే. పైగా రోజుకొకసారైనా ఇంటర్నెట్‌కు కలపాలని నిబంధన పెట్టారు. నెట్ లేనివారికి పాత ఎక్స్‌బాక్స్ 360 ఉందని ఆ విభాగం అధిపతి అన్నారు. అది చదివినప్పుడు మాకు చివుక్కుమంది. స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి నెట్ సెంటర్ ముందు వరుసలో నిలబడిన రోజులు గుర్తొచ్చాయి. కొనేవారు గొడవ చేయగా 2013 జూన్ 19న ఆ నిబంధనను ఎత్తివేశారు.

2014 ఫిబ్రవరిలో మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. అదే ఏడాది జూన్‌లో కైనెక్ట్ లేకుండా 399 డాలర్లకే పెట్టెను అమ్మసాగారు. టీవీ కార్యక్రమాల కోసం పెట్టిన ఎక్స్‌బాక్స్ ఎంటర్‌టైన్‌మెంట్ స్టూడియోస్‌ను మూసేస్తున్నట్లు జూలైలో ప్రకటించారు. అప్పటికే ఆలస్యమైంది. ప్లేస్టేషన్ 4 అమ్మకాలు 11.7 కోట్లు దాటాయి. సోనీ తమకంటే రెట్టింపుకు పైగా అమ్మిందని మైక్రోసాఫ్టే 2022లో బ్రెజిల్ అధికారులకు తెలిపింది.

తేడా ఎక్కడ?

2000లో చాలా ఇళ్లలో డీవీడీ ప్లేయర్ లేదు, కన్సోల్ ఆ లోటు తీర్చింది. 2013 నాటికి అక్కడి ఇళ్లలో కేబుల్ పెట్టె ముందే ఉంది. టీవీకి తగిలించే క్రోమ్‌కాస్ట్ అదే సంవత్సరం 35 డాలర్లకు వచ్చింది. ఇంట్లో ఉన్నదానికే మళ్లీ డబ్బు ఎవరిస్తారు? 2017లో వచ్చిన నింటెండో స్విచ్ ఆటలకే పెద్దపీట వేసింది. 15 కోట్లకు పైగా అమ్ముడైంది.

కనుక మా జవాబు: ఆటలే ముందు. అదనపు సౌకర్యం కొనేవారి లోటు తీర్చాలి, ధర పెంచకూడదు, ఎవరినీ బయట నిలబెట్టకూడదు.

సెమినార్ ముగిశాక సార్ "మీ ఇంట్లో ఏ కన్సోల్ ఉంది?" అని అడిగారు. "ఏదీ లేదు సార్, చదివి తెలుసుకున్నాం" అన్నాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనకు లేని వస్తువు గురించి కూడా మనం ఆలోచించగలం, మాట్లాడగలం. తెలియని అంశం వస్తే వెనక్కి ఇవ్వకండి.

ఆలోచించండి: మన హాస్టల్‌కు కొత్త టీవీ కొనాల్సి వస్తే, మీరు అడిగే మొదటి సౌకర్యం ఏది? ఎందుకు?