సినిమా రీలు, స్టిల్ కెమెరా, మధ్యలో ఒక నల్ల పూత

ఈ మధ్య మన క్యాంపస్‌లో ఫిల్మ్ కెమెరాలు మళ్ళీ కనబడుతున్నాయి. బీరువాలోంచి నాన్నదో పెదనాన్నదో పాత కెమెరా తీయడం, ఆన్‌లైన్‌లో ఒక రోల్ తెప్పించుకోవడం. అలా తెప్పించుకునే వాటిలో "సినిమా ఫిల్మ్" అని లేబుల్ అంటించిన రోల్స్ కూడా ఉంటున్నాయి. లోపల ఉండేది ఎక్కువగా కొడాక్ విజన్3 నెగెటివ్: 50డి, 250డి, 200టి, 500టి. అంకె స్పీడు, డి అంటే డేలైట్, టి అంటే టంగ్‌స్టన్. ఈ వ్యాసం ఆ రోల్ కొన్నవాళ్ళ కోసం. ఇంకా కొననివాళ్ళు ముందే చదివితే మరీ మంచిది. ఎందుకంటే ఫోటోలు తీశాక ఆ రోల్‌ని తీసుకెళ్ళి మామూలు కలర్ ల్యాబ్‌లో ఇచ్చేస్తే మీ ఫోటోలే కాదు, అదే మెషీన్‌లో పడిన ఇంకెవరి పెళ్ళి ఫోటోలో కూడా పాడవుతాయి.

సినిమా ఫిల్మ్‌ని స్టిల్ కెమెరాలో పెట్టడం కొత్త పిచ్చేమీ కాదు. 35 ఎం.ఎం. స్టిల్ కెమెరాకి పేరొచ్చిందే అలా. జర్మనీలో వెట్స్‌లార్ అనే ఊళ్ళో, లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బార్నాక్, మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు, సినిమా ఫిల్మ్ పట్టే ఒక చిన్న కెమెరా తయారుచేశాడు. సినిమా కెమెరాలో ఫిల్మ్ నిలువుగా నడుస్తుంది, ఒక్కో ఫ్రేముకి 4 రంధ్రాలు, ఫ్రేము సైజు 18×24 మిల్లీమీటర్లు. బార్నాక్ ఫిల్మ్‌ని అడ్డంగా నడిపి ఫ్రేముని రెట్టింపు చేశాడు: 8 రంధ్రాలు, 24×36. అదే 1925లో లైకా పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇంకో లెక్క చూడండి. 400 అడుగుల డబ్బా సినిమా కెమెరాలో సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నాలుగున్నర నిమిషాల్లోపే అయిపోతుంది. అదే డబ్బాలోంచి 36 ఫోటోల రోల్స్ 70కి పైగా చుట్టుకోవచ్చు. నలుగురూ కలిసి డబ్బా కొనుక్కునేది అందుకే.

కాబట్టి కెమెరాతో గొడవేం లేదు. గొడవంతా రోల్ బయటికి తీశాకే.

సినిమా నెగెటివ్ వెనకవైపు నల్లగా ఒక పూత ఉంటుంది, దాని పేరు రెమ్‌జెట్. కార్బన్ పొడిని ఒక జిగురులో కలిపి పూసినట్టు అనుకోండి. సినిమా కెమెరాలో ఫిల్మ్ అంత వేగంగా పరిగెడుతుంటే స్టాటిక్ కరెంటు పుడుతుంది, చిన్న మెరుపు వచ్చినా అది ఫిల్మ్ మీద పడిపోతుంది. కార్బన్ ఆ కరెంటుని పోగుపడనివ్వదు. గీతలు పడకుండా కాపాడుతుంది. మూడో పని అన్నిటికన్నా ముఖ్యం: ఫిల్మ్ పొరలన్నీ దాటి వెనక్కి వచ్చిన వెలుతురుని మింగేస్తుంది. ఆ పూత లేకపోతే వెలుతురు వెనకనుంచి తిరిగొచ్చి, అన్నిటికంటే అడుగున ఉన్న ఎరుపు పొరని ముందు తాకుతుంది. పూత ముందే తీసేసి అమ్మే సినీస్టిల్ 800టి ఫోటోల్లో వీధి దీపాల చుట్టూ ఎర్రటి వలయాలు రావడానికి కారణం ఇదే. ఇన్‌స్టాలో అందరూ మెచ్చుకునే ఆ "సినిమా లుక్" నిజానికి సినిమావాళ్ళు వద్దనుకున్నది. నాకైతే నవ్వొస్తుంది.

సినిమా ల్యాబ్‌లో ఈ పూతని కడగడానికే విడిగా ఏర్పాటు ఉంటుంది. పాత తెలుగు సినిమాల టైటిల్స్‌లో ప్రసాద్ ల్యాబ్స్ పేరు చూసే ఉంటారు, అలాంటి చోట్ల. మామూలు కలర్ ల్యాబ్ మెషీన్‌లో ఆ ఏర్పాటు ఉండదు. పూత ఊడి డెవలపర్‌లోనే కలుస్తుంది, తర్వాత వచ్చే ప్రతి రోల్ మీదా నల్ల చుక్కలై అంటుకుంటుంది. 2025లో కొడాక్ రెమ్‌జెట్ లేని విజన్3ని ప్రకటించింది, కానీ మన చేతికి వచ్చే రోల్ ఏ డబ్బాలోంచి చుట్టారో అమ్మేవాళ్ళని అడగాల్సిందే. తెలియకపోతే పూత ఉన్నట్టే లెక్క.

ఇంట్లో అయితే పని ఇలా సాగుతుంది. పూర్తి చీకట్లో, లేదా చేతులు దూర్చే నల్ల సంచిలో, ఫిల్మ్‌ని రీలుకి చుట్టి డెవలపింగ్ ట్యాంకులో పెట్టి మూత బిగించాలి. లీటరు వెచ్చని నీళ్ళలో ఒక పెద్ద చెంచా వంట సోడా కలిపి ట్యాంకులో పోసి, ఒక నిమిషం ఉంచి, తర్వాత గట్టిగా కుదపాలి. వంపితే చిక్కటి కాఫీ డికాషన్‌లా నల్లగా వస్తుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి కడగండి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఏం చేసినా లాభం ఉండదు.

తర్వాత డెవలపర్. సినిమా నెగెటివ్‌కి ఈ.సి.ఎన్-2 అనే పద్ధతి: 41.1 డిగ్రీలు, 3 నిమిషాలు. రెంటచింతల ఎండలు ఎరిగినవాళ్ళకి 41 డిగ్రీలు ఒక లెక్కా అనిపిస్తుంది గానీ, మూడు నిమిషాలూ అదే వేడి నిలవాలి. అందుకే బకెట్‌లో వేడినీళ్ళు పోసి, అందులో సీసాలు, ట్యాంకు నిలబెట్టి, థర్మామీటర్ పెట్టుకుని చూస్తూ ఉండాలి. ఆ తర్వాత స్టాప్, బ్లీచ్, ఫిక్సర్, మధ్యమధ్యలో కడగడం, అన్నీ కిట్‌లో రాసిన ప్రకారమే. గ్లవ్స్ తప్పనిసరి, ఆ డెవలపర్ కొందరి చర్మానికి పడదు. వంటింటి గిన్నెలు వాడొద్దు, ఇది అమ్మ తరఫున చెబుతున్న మాట.

పూత కడిగేశాక మామూలు సి-41 కిట్ వాడితే కుదరదా? కుదురుతుంది, చాలామంది అదే చేస్తారు. కానీ సి-41లో ఉండేది సి.డి.-4 అనే రసాయనం, ఈ ఫిల్మ్‌లోని రంగులు సి.డి.-3 కోసం తయారైనవి. రంగులు కాస్త పక్కకి జరుగుతాయి, కాంట్రాస్ట్ పెరుగుతుంది. సరదా ఫోటోలకి పరవాలేదు. మళ్ళీ దొరకని ఫోటోలకి ఈ.సి.ఎన్-2 కిట్టే కొనండి.

ఫిక్సర్ అయ్యాక మూత తీయొచ్చు. మెరిసే వైపు ఇంకా నల్ల మరక ఉంటే తడి స్పాంజితో మెల్లగా తుడవండి. మెరవని వైపు మాత్రం ముట్టుకోవద్దు, బొమ్మ ఉన్నది అక్కడే, తడిగా ఉన్నప్పుడు గోరు తగిలినా లేచిపోతుంది.

ఆరిన నెగెటివ్ చూస్తే చప్పగా, నారింజ రంగులో, ఏదో తేడా కొట్టినట్టు ఉంటుంది. ఏమీ తేడా కొట్టలేదు. సినిమా నెగెటివ్ ఎప్పుడూ నేరుగా తెర మీదకి వెళ్ళదు. దాన్ని కాంట్రాస్ట్ ఎక్కువుండే ఇంకో ఫిల్మ్ మీద ప్రింట్ తీసేవారు, ఫిల్మ్ రోజుల్లో మనం థియేటర్‌లో చూసింది ఆ ప్రింట్‌ని. అందుకే నెగెటివ్‌ని కావాలనే చప్పగా చేస్తారు, వెలుగూ నీడా రెండిట్లోనూ వివరం మిగిలేలా. మన షార్ట్ ఫిల్మ్ గ్యాంగ్ వీడియో తీసేటప్పుడు పెట్టుకునే "లాగ్" ప్రొఫైల్‌కి తాత ఇదే. ఫిల్మ్‌ని స్కాన్ చేసి దాచడానికి 1990ల్లో కొడాక్ తెచ్చిన సినియాన్ ఫార్మాట్ 10 బిట్ల లాగ్‌లోనే ఉండేది. మన దగ్గర ఆ ప్రింట్ లేదు కాబట్టి దాని పని స్కానింగ్‌లో మనమే చేయాలి.

స్కానర్ లేకపోయినా పరవాలేదు. మంచి తెల్లటి లైట్ ప్యానెల్, దాని మీద నెగెటివ్, పైన మ్యాక్రో లెన్స్ ఉన్న డిజిటల్ కెమెరా చాలు. రా ఫైల్‌లో తీయండి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రోల్ మొత్తానికి ఒకటే ఉంచండి.

ఇక్కడ మనవాళ్ళందరూ ముందు చేసే పని 255 లోంచి తీసేయడం. అది ఎందుకు కుదరదో చూడండి. ఫ్రేముల మధ్య ఖాళీ చోట ఎరుపు 200, ఆకుపచ్చ 110, నీలం 60 వచ్చాయనుకుందాం. ఆ చోటు పాజిటివ్‌లో నల్లగా రావాలి. 255 లోంచి తీసేస్తే 55, 145, 195 వస్తాయి, అంటే నీలం! అందుకే ముందు ప్రతి చానెల్‌ని దాని ఖాళీ విలువతో భాగించాలి. అప్పుడు నారింజ పోతుంది, ఖాళీ చోటు మూడు చానెళ్ళలోనూ 1 అవుతుంది. తర్వాత లాగ్ తీసి మైనస్ పెడితే డెన్సిటీ వస్తుంది, ఖాళీ చోట సున్నా. ఫిల్మ్ మీద డెన్సిటీ, పడిన వెలుతురు లాగ్‌కి తగ్గట్టుగా పెరుగుతుంది కాబట్టి చివరికి కాంట్రాస్ట్ పెంచే ఒక గుణకం వేస్తే చాలు. నమ్‌పైలో మూడు లైన్లు. లీనియర్ రా మీదే చేయాలి, జేపెగ్ మీద చేస్తే ఈ లెక్క కుదరదు.

500టిని పట్టపగలు వాడితే బొమ్మ నీలంగా వస్తుంది, అది టంగ్‌స్టన్ లైట్ల కోసం చేసింది కాబట్టి. స్కాన్‌లో కొంత సరిచేయొచ్చు. లెన్స్ ముందు 85 నంబరు నారింజ ఫిల్టర్ పెట్టి 320 స్పీడులో తీస్తే ఆ బాధే ఉండదు.

స్కాన్ చేసేటప్పుడు అంచులు కత్తిరించకుండా ఒక్కసారి రంధ్రాల పక్కన చూడండి. ఫిల్మ్ నంబరు 5219 అని ఉంటే అది 500టి. పక్కనే అంకెలు, బార్‌కోడ్ వరసగా కనిపిస్తాయి. ఎడిటర్ కోసిన కాపీతో అసలు నెగెటివ్‌ని ఫ్రేము ఫ్రేముకీ సరిపోల్చుకోవడానికి వేసిన గుర్తులవి. మన హాస్టల్ మెట్ల ఫోటో పక్కన కూడా అవి అలాగే ఉంటాయి.