తుప్పుపట్టిన ట్రాక్టరు రిమ్ములు

దమ్ము చేయు ట్రాక్టర్లలో వెనుక రిమ్ములు మొదట వాల్వు రంధ్రము చుట్టూ తుప్పుపట్టును. బురదనీరు అచ్చటనే చేరి నిలుచును. బరువు కొరకు ట్యూబులో కాల్షియం క్లోరైడు నీరు నింపియుండి, అది కారినచో తుప్పు మరింత త్వరపడును.

ట్రాక్టరును గట్టి నేలపై దిమ్మలమీద నిలిపి, వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలి, టైరు విప్పుడు. రిమ్మును సుత్తితో తట్టి చూడుడు. ఖంగుమన్నచోట ఇనుము గట్టిది; మొద్దు చప్పుడైనచోట పలుచబడినది. ట్యూబు టైరులో గాలిని పట్టియుంచునది ట్యూబే గాని రిమ్ము కాదు. కనుక పైపై గుంటలకు భయపడనక్కరలేదు. ట్యూబును కోయునవి పొరలుగా లేచిన తుప్పు అంచులు. వాటిని వైరు బ్రష్షుతో గీకి, ఉప్పుకాగితముతో నున్నగా రుద్ది, దుమ్ము తుడిచి, అదేదినమున రెడ్ ఆక్సైడు ప్రైమరు, అది ఆరిన పిదప ఎనామెలు రంగు వేయుడు. రంగు గట్టిపడువరకు తొందర వలదు.

వాల్వు రంధ్రము తినిపోయినచో మంచి పనివానిచే అతుకు వేయించవచ్చును. టైరు కూర్చుండు అంచు చీలినను, బోల్టు రంధ్రములు సాగినను రిమ్మును మార్చవలసినదే.

టైరు తొడిగియున్న రిమ్మును, గాలి తీసినను సరే, వెల్డింగు చేయనీయకుడు. వేడికి లోపలి రబ్బరు నుండి మండు వాయువులు పుట్టి టైరు ప్రేలును. ఇట్లు ప్రాణములు పోయినవి. అయిదు నిమిషముల పనియేనని వెల్డరు చెప్పినను వినకుడు.

తిరిగి తొడుగునపుడు టైరు అంచుకు సబ్బునీరు పూయుడు. గ్రీజు రబ్బరును చెరచును.