ఇనపగుండుతో పది నిమిషాలు

ఆరోగ్యమే మహాభాగ్యమని చిన్నప్పుడు కాపీ పుస్తకాల్లో దస్తూరీ దిద్దని వాళ్లం మనలో ఎవరూ లేరు. కాని హాస్టలు గదుల్లో మన దినచర్య చూడండి. పొద్దెక్కి లేవడం, మెస్సులో టిఫిను, సాయంత్రం దాకా బెంచీ, అర్ధరాత్రి దాకా సెల్‌ఫోను. వ్యాయామం మాటెత్తితే అందరి జవాబూ ఒకటే: "టైమెక్కడుంది గురూ?" ఆ జవాబు చెప్పే మిత్రుల కోసమే యీ వ్యాసం. పది నిమిషాలు చాలు. అయితే ఆ పది నిమిషాలూ ఎలా వాడాలో తెలియాలి. తెలియక నేను పడ్డ పాట్లు ముందుగా మనవి చేసుకుంటాను.

మాది నల్లజర్ల. మా నాన్న చాలాకాలం తాడేపల్లిగూడెంలో జట్టు పని చేసేడు. ఉల్లిపాయల బస్తాలు, బెల్లం దిమ్మలు, ధాన్యం బస్తాలు లారీలకి ఎక్కించడం, దింపడం. డిగ్రీ మొదటి ఏడాది సంక్రాంతి సెలవులకి యింటికెళ్లినప్పుడు, నలుగురూ చూస్తుండగా 75 కిలోల ధాన్యం బస్తా ఒకటి ఎత్తబోయేను. బస్తా జానెడు లేచింది. నా నడుంలో ఏదో పట్టేసింది. మూడు వారాలు మంచం దిగలేదు. నాన్న కోప్పడలేదు. పక్కన కూచుని ఒకటే అన్నాడు: "నడుంతో ఎత్తుతారేంట్రా ఎవరైనా? పిర్రలు వెనక్కి తొయ్యాలి, తొడల్తో లెగాలి. ఈపు చెక్కలా వుండాలి." బడి మొహం ఎక్కువగా చూడని మనిషి చెప్పిన ఆ మూడు ముక్కలే యీ వ్యాసానికంతటికీ మూలసూత్రం.

కెటిల్‌బెల్ అంటే ఏమిటి?

ఫిరంగి గుండుకి పైన చెవిలాగా పిడి పోత పోస్తే ఎలా వుంటుందో అదే కెటిల్‌బెల్. రష్యాలో దీన్ని గిర్యా అంటారు. ఇది పుట్టింది వ్యాయామశాలలో కాదు, అంగడిలో. ధాన్యం తూచే కాటా రాయి అది. అక్కడి పాత తూకం పూడ్, అంటే 16.38 కిలోలు. మన మద్రాసు మణుగు ఎనిమిది వీశెలు, సుమారు 11.3 కిలోలు. నేటికీ కెటిల్‌బెల్‌లు 16, 24, 32 కిలోల్లో రావడానికి కారణం ఆ పూడే: ఒకటి, ఒకటిన్నర, రెండు. సంతల్లో కుర్రాళ్లు బలం చూపించడానికి తూకపు రాళ్లు ఎత్తేవారు. 1885లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో క్రాయెవ్‌స్కీ అనే వైద్యుడు వ్యాయామ బృందం స్థాపించి బరువులెత్తడానికి శాస్త్రీయమైన పద్ధతి నేర్పేడు. సోవియట్ కాలంలో యిది పోటీ క్రీడగా ఎదిగింది. ఆ పోటీ వ్యవధి ఎంతో తెలుసునా? పది నిమిషాలు! గుండు కింద పెట్టకుండా ఎన్నిసార్లు ఎత్తితే అన్ని మార్కులు.

యిది పరాయి సరుకని చిన్నచూపు అక్కర్లేదు. మన తాలింఖానాల్లో దండీలు, బస్కీలు, గదలు, జోడీలు తరతరాలుగా వున్నవే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చేతిపట్టు చెక్కిన సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పండగలకి యిప్పటికీ జరుగుతున్నాయి. సంగిడికీ గిర్యాకీ వరస కలిపితే అన్నదమ్ములే. ఆ సీమలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడై, తరవాత సర్కసు కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగేడు. 1942లో కన్నుమూసేదాకా కలియుగ భీముడనే పేరు నిలబెట్టుకున్నాడు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. బరువులు మగవాళ్లకేనని యింకా అనుకునే సోదరీమణులు ఆ అంకె ఒకసారి గుర్తు చేసుకోవాలి.

చిన్న లెక్క

సైన్సు విద్యార్థులకి సరదాగా ఒక లెక్క. 16 కిలోల గుండుని మోకాళ్ల మధ్యనుంచి రొమ్ము ఎత్తుదాకా ఊపితే సుమారు ముప్పావు మీటరు లేస్తుంది. పని అంటే 16 × 9.8 × 0.75, రమారమి 118 జౌళ్లు. 75 కిలోల బస్తాని నేలమీంచి భుజానికి, అంటే 1.4 మీటర్ల ఎత్తుకి చేర్చడానికి 1,029 జౌళ్లు కావాలి. అంచేత తొమ్మిది ఊపులు ఒక బస్తాకి సమానం. నూరు ఊపులు ఊపితే పదకొండు బస్తాలు ఎత్తినట్టే. కాని వెన్నుమీద ఒక్కసారిగా పడే భారం మాత్రం 75 కిలోలది కాదు. కొత్తవాడికి బస్తాకంటే గుండు మేలనడానికి కారణం యిదే.

ఈ లెక్క నాన్నకి చెప్పి, బస్తా భుజాన పెట్టుకుని కదలకుండా నిలబడితే భౌతికశాస్త్రం ప్రకారం చేసిన పని సున్నా అన్నాను. "ఆ శాస్త్రం రాసినాయన్ని ఓసారి గూడెం రమ్మను" అన్నాడు!

తక్కువ సేపట్లో ఎక్కువ ఫలం ఎలా?

కండరానికి శక్తి మూడు దారుల్లో అందుతుంది. మొదటిది కండరంలోనే నిలవ వున్న ఫాస్ఫేటు సరుకు. అది పది సెకన్లపాటు వస్తుంది. రెండోది ప్రాణవాయువు లేకుండానే చక్కెరని విడగొట్టడం. ఒకటి రెండు నిమిషాలు జోరుగా సాగుతుంది, తొడలు మంటెక్కుతాయి. మూడోది ప్రాణవాయువుతో నెమ్మదిగా, గంటల తరబడి నడిచే దారి. నడకలో ప్రధానంగా మూడోదే పని చేస్తుంది. కాస్సేపు తీవ్రంగా శ్రమించి, కాస్సేపు ఆగి, మళ్లీ శ్రమిస్తే మూడు దారులూ పనిలో పడతాయి.

జపాన్‌లో ఇజుమి తబాతా బృందం 1996లో ప్రకటించిన ప్రయోగం చూడండి. ఒక జట్టు వారానికి అయిదు రోజులు గంటసేపు సైకిలు తొక్కింది. రెండో జట్టు 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, 10 సెకన్లు ఆగడం, యిలా ఏడెనిమిదిసార్లు, అంటే నాలుగు నిమిషాలు చేసింది. ఆరు వారాల తరవాత ప్రాణవాయువు వాడుకునే శక్తి రెండు జట్లకీ పెరిగింది. ప్రాణవాయువు లేకుండా పని చేసే శక్తి మాత్రం రెండో జట్టుకే 28 శాతం పెరిగింది. అయితే వాళ్లు అలవాటున్న యువకులు. మనం మొదటి రోజే వాళ్లలా చేయబోతే నా సంక్రాంతి కథే పునరావృతం అవుతుంది.

నాలుగు వారాల పద్ధతి

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. కొత్తగా మొదలెట్టే కుర్రాళ్లకి 12 లేక 16 కిలోలు, అమ్మాయిలకి 8 కిలోలు చాలు. ముందు మూడు నిమిషాలు చేతులు తిప్పి, నడిచి ఒళ్లు వేడెక్కించాలి.

మొదటి వారం ఊపు లేదు. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, పిర్రలు వెనక్కి తోసి, వీపు తిన్నగా వుంచి గుండుని నేలమీంచి ఎత్తి దించడం పదిసార్లు. గుండుని రొమ్ముకి ఆనించుకుని బస్కీలు అయిదు. దండీలు చేతనైనన్ని. చివరికి గుండు ఒక చేత్తో పట్టుకుని, నీళ్లబిందె మోసినట్టు ఒరగకుండా అటూ యిటూ నడక.

రెండో వారం ఊపు. రెండు చేతులా పిడి పట్టి, గుండుని కాళ్ల మధ్యకి పోనిచ్చి, తుంటిని విసురుగా ముందుకి తెచ్చి లేవాలి. గుండు తనంతట తానే రొమ్ముదాకా లేస్తుంది. చేతులు తాళ్లు మాత్రమే. ఎత్తేది తుంటి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. ప్రతి నిమిషం మొదట్లో 8 ఊపులు, మిగతా నిమిషం విశ్రాంతి. అయిదు నిమిషాలకి 40.

మూడో వారం 8 నిమిషాలు, నిమిషానికి 10 చొప్పున 80. నాలుగో వారం 10 నిమిషాలు, 100. అక్కడితో ఆగండి. నూరు తేలికైనాకనే బరువు పెంచడం.

గుండు కొనలేని వారు 5 లీటర్ల నూనె క్యానులో పొడి ఇసుక నింపుకుంటే ఎనిమిది కిలోలు తూగుతుంది. దానితో బస్కీలు, ఎత్తడం, మోయడం చేయవచ్చు. ఊపడం మాత్రం వద్దు. పిడి వూడితే ఎదుటివాడి తల దక్కదు.

జాగ్రత్తలు

ఎండాకాలం తెల్లవారుజామునే ముగించాలి. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో చేయడం సాహసం కాదు, తెలివితక్కువ. రక్తపోటు, గుండె జబ్బు, ఆస్తమా, పాత నడుంనొప్పి వున్నవారు ముందు డాక్టరుని అడగాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపాలి. అలవాటు లేని శ్రమ తరవాత మూత్రం టీ డికాషను రంగులో వస్తే అది కండరాలు చితికిన గుర్తు. ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మరో మాట. పెద్దలకి వారానికి కనీసం 75 నిమిషాల తీవ్ర వ్యాయామం, లేదా 150 నిమిషాల మధ్యరకం వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన మూడు పదులు ముప్పయ్యే. మిగతాది సైకిలు మీద, నడకలో పూర్తి చేసుకోవాలి.

కష్టం వేరు, కసరత్తు వేరు

చివరిగా ఒక ప్రశ్న. అంత బరువు మోసిన మా నాన్న యివాళ పహిల్వానులా వుండాలి గదా? లేడు. మోకాళ్లు అరిగి, మెట్లెక్కడానికి గోడ పట్టుకుంటున్నాడు. ఆయనకి ఎత్తడం బాగా వచ్చు. రానిది ఆగడం. లారీ నిండేదాకా ఆగే వీల్లేదు మరి. కసరత్తులో బరువు మనం ఎంచుకుంటాం, లెక్క మనం ఎంచుకుంటాం, అలసిపోతే కింద పెడతాం, మర్నాడు విశ్రాంతి తీసుకుంటాం. కండ పెరిగేది ఆ విశ్రాంతిలోనే. విశ్రాంతి లేని శ్రమ ఒంటిని అరగదీస్తుంది.

మిత్రులారా! మనలో చాలామందిమి అలా అరిగిన ఒళ్ల మీదుగానే కాలేజీ మెట్లెక్కేం. గుండు కింద పెట్టే స్వేచ్ఛ మనకి వాళ్లు కొనిచ్చిందే. ఆ ఒంటిని కుర్చీలో పాడుచేసుకోవడం ఎంత అన్యాయం! రేపు పొద్దున్న పది నిమిషాలు ముందు లేవండి. వీపు చెక్కలా వుంచండి. తక్కినది తుంటి చూసుకుంటుంది.