ఒక్క బిడ్డ లెక్కను నమ్మవచ్చునా?

"మా బాబు తల గోడకు కొట్టుకునేవాడు. ఫలానా సెంటరులో చేర్చాము, పది రోజుల్లో తగ్గిపోయింది." బుద్ధిమాంద్యం గానీ ఆటిజం గానీ ఉన్న బిడ్డ ఇంట్లో ఉన్నవారికి ఇటువంటి మాట ఎంతో ఆశ కలిగిస్తుంది. అప్పు చేసి అయినా ఫీజు కడతారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ తగ్గినది ఆ చికిత్స వల్లనేనా? జలుబుకు మందు వేసుకుంటే వారం, వేసుకోకుంటే ఏడు రోజులు అని పెద్దలు ఊరకే అనలేదు.

కొత్త మందును పరీక్షించేటప్పుడు చాలామందిని రెండు గుంపులుగా చేసి పోలుస్తారు. ప్రవర్తన చికిత్సలో ఒక్కొక్క బిడ్డది ఒక్కొక్క తీరు గనుక, ఆ బిడ్డను ఆ బిడ్డతోనే పోలుస్తారు. చికిత్సకు ముందు కొన్ని రోజులు, తరువాత కొన్ని రోజులు లెక్క వ్రాసి గ్రాఫు గీస్తారు. ఒక్కరి మీదే కదా అని దీనిని తీసివేయకండి. సరిగా చేస్తే ఇది గట్టి రుజువే.

ఆ గ్రాఫు మీకు చూపినప్పుడు, ఏమి లెక్కపెట్టారని మొదట అడగండి. "చిరాకు తగ్గింది" అంటే లెక్క కాదు. "నుదురు గోడకు తగిలినది ఇన్నిసార్లు" అంటే లెక్క. నాదర్‌గుల్ నుండి వెళ్లి రాగలిగిన దూరంలోనే, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఉంది (ఇప్పటి పేరు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి.). అక్కడ రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ గార్లు 1992లో తెచ్చిన బేసిక్-ఎం.ఆర్. కొలతలో 75 సమస్య ప్రవర్తనలు ఉన్నాయి. గిల్లడం, కొరకడం వంటి కంటికి కనబడే పనుల గురించి అడిగి, లేకుంటే 0, అప్పుడప్పుడు ఉంటే 1, తరచుగా ఉంటే 2 వేస్తారు. ఇద్దరు వేర్వేరుగా లెక్కించారా అని కూడా అడగండి. పదింట ఎనిమిదైనా కలవకపోతే ఆ లెక్కను సాధారణంగా ఒప్పుకోరు.

తరువాత చికిత్సకు ముందు వ్రాసిన లెక్క చూడండి. అక్కడే ఎక్కువమంది మోసపోతారు. మనం బిడ్డను తీసుకువెళ్లేది బాగా ముదిరిన రోజునే కదా! ఆ ఒక్క రోజుతో పోలిస్తే ఆ తరువాత ఏ రోజైనా మెరుగ్గానే కనబడుతుంది. కావున ముందు లెక్క కనీసం ఐదు రోజులదైనా ఉండాలి. ఆ ఐదు రోజులలోనే 12, 10, 9, 7, 5 అని దిగుతూ వస్తుంటే, తరువాతి తగ్గుదలను చికిత్స ఖాతాలో వేయకూడదు.

ఇక అసలు పరీక్ష. 1964లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో, శిశు పాఠశాలలో నాలుగేళ్ల బాలురు ఇద్దరు చీటికిమాటికి ఏడ్చేవారు. దెబ్బ తగిలి ఏడిస్తే టీచర్లు చూసేవారు, ఉత్త ఏడుపును పట్టించుకోలేదు. ఏడుపు తగ్గింది. మళ్లీ పట్టించుకోసాగారు, పెరిగింది. మళ్లీ మానారు, తగ్గింది. మార్చినప్పుడల్లా ఏడుపు కూడా మారింది గనుక కారణం టీచర్ల తీరే అని తేలింది. ఇలా కనీసం మూడుసార్లు కనబడాలని 2010లో అమెరికా విద్యాశాఖ నిపుణులు నియమం పెట్టారు. పది రోజుల్లో తగ్గిన ఆ బాబు సంగతిలో మార్పు కనబడినది ఒక్కసారే.

తల కొట్టుకునే బిడ్డ దగ్గర ఇలా ఆపి చూడడం తప్పు. అప్పుడు వేరే దారి ఉంది. చికిత్సను ముందు స్నానం వేళ, వారం తరువాత భోజనం వేళ, ఆ పై వారం నిద్ర వేళ మొదలుపెడతారు. ఎక్కడ మొదలుపెడితే అక్కడే, అప్పుడే తగ్గితే నమ్మవచ్చు.

అయినా ఆ రుజువు ఆ ఒక్క బిడ్డకే. పద్ధతి అందరికీ పనికివస్తుందని చెప్పాలంటే, ఆ నిపుణుల లెక్క ప్రకారం 5 పరిశోధనలు, 3 వేర్వేరు బృందాలు, మొత్తం 20 మంది బిడ్డలైనా కావాలి.

తల్లులకు ఒక మాట. బిడ్డ కొత్తగా తల కొట్టుకుంటుంటే ముందు చెవిపోటు, పంటినొప్పి ఉన్నదేమో డాక్టరు గారికి చూపించండి. ఏడుపును పట్టించుకోవడం మానితే మొదట కొన్నాళ్లు పెరగవచ్చు. రోజూ నోటుబుక్కులో గీతలు పెట్టుకుంటే ఎన్నాళ్లు పెరిగిందో, ఎప్పుడు దిగిందో తెలుస్తుంది. పైన చెప్పిన ఆపి చూసే పద్ధతిని ఫిట్స్ బిళ్లల మీద మాత్రం ఎన్నడూ ప్రయత్నించకండి. ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణానికే ముప్పు కావచ్చు.